మేట్రనమ్మ కాల్చిన పుస్తకం

ఈమధ్య నేను మూడు నవలలు చదివాను. మూడూ పిల్లల కోసం రాసినవేనని అట్ట మీదే అచ్చు వేశారు కాబట్టి, పొరపాటున చదివానని చెప్పుకోవడానికి వీల్లేదు. ఒకదాంట్లో మనుషులు చుక్కల్లోకి ప్రయాణం కడతారు. ఒకదాంట్లో సముద్రం అడుగున పట్నం ఉంటుంది. మూడోది ఇంకా రాని కాలం కథ. అప్పటి జనం అన్నం మానేసి మాత్రలు మింగి బతుకుతుంటారు. బి.ఏ. పట్టా పుచ్చుకుని ఉదయగిరి బజారులో చింతపండు అమ్ముకునే మనిషి చదవవలసిన పుస్తకాలు కావు. అయినా చదివాను. ఎలా ఉన్నాయంటే మాత్రం చిక్కు. అభిప్రాయం చెబుదామని నోరు తెరిస్తే నా గొంతు రాదు. ఒక ముసలామె గొంతు వస్తుంది.

"అంత దూరం పోయినారు గదా నాయనా, దోవలో వంట ఎవురు చేసినారు?" అంటుంది చుక్కల పుస్తకం గురించి.

సముద్రం పుస్తకానికి: "ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదే. ఆ ఊళ్ళో పిల్లోళ్ళని ఏం పెట్టి పెంచినారంట?"

మాత్రల పుస్తకానికి: "మాత్రలు మింగే కాడికి బెల్లెందుకు, వరసెందుకు? ఆడపిల్లలు చెయ్యి దాటిపోతారు."

ఆమె పోయి కొంతకాలమైంది. ఈ మూడింట్లో ఒక్కటీ వినలేదు. వినుంటే ఇవే మాటలు అనేదని ఏ కోర్టులోనైనా ప్రమాణం చేస్తాను.

ఊరంతా ఆమెను మేట్రనమ్మ అనేది. అసలు పేరు ఉండే ఉంటుంది, ఎవరూ వాడగా నేను వినలేదు. ఆత్మకూరులో ఒక మిషను బోర్డింగులో ఆడపిల్లలకి అమ్మగా, పోలీసుగా ఒళ్ళు అరిగిందాకా పనిచేసి, కళ్ళకి పొరలు వచ్చాక ఉదయగిరి చేరి, కొండ కింద మిషను వీధిలో ఒంటిగది ఇంట్లో ఉండేది. తెల్లచీర, మోచేతులు దాటిన రవిక, నల్లగొడుగు. ఆ గొడుగుతో కుక్కల్ని అదిలించేది, గడప వెతుక్కునేది, ఎదురొచ్చిన మనుషుల్ని పక్కకి నెట్టేది. వానకి మాత్రం తెరిచినట్టు గుర్తులేదు. అది ఆమె తప్పు కాదు. మా ఊళ్ళో వాన ఆ అవకాశం ఇచ్చేది కాదు.

ఎవరు పలకరించినా ఆమె మొదటి మాట ఒకటే. "చేతులు కడుక్కున్నావా?" ఒకసారి మా అంగట్లో కూర్చున్న తాసిల్దారుగారిని అడిగింది. ఆయన పాపం లేచి వెళ్ళి కడుక్కుని, తడిచేతులు రెండూ ఆమె ముందు చాపి చూపించాడు. ఆమెకి కనపడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన తొందర నాకూ కనపడలేదు.

నేను కాలేజీ ముగించి వచ్చి, ఉద్యోగం దొరక్క, "దొరికిందాకా కూచో" అని నాయన త్రాసు ముందు కూర్చోబెట్టిన రోజులవి. యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చేసింది, కిరసనాయిలు మాత్రం ఇంకా సరిగా రావడం లేదు. మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు. చింతపండు బుట్ట చాటున నవల పెట్టుకుని, దానిపైన ఇంగ్లీషు అర్థశాస్త్రం ఒకటి తెరిచి పెట్టేవాణ్ణి. వచ్చినవాళ్ళకి అర్థశాస్త్రం కనపడేది. ఈ ఏర్పాటు వల్ల ఊళ్ళో నాకు కాస్త మర్యాద కూడా పెరిగింది. ఈడొచ్చినవాడు, పెళ్ళి చూపులు జరుగుతున్నవాడు, పిల్లల కథలు చదువుతూ దొరికిపోతే బాగుండదు కదా.

ఒకరోజు మేట్రనమ్మ బెల్లానికి వచ్చింది.

"చేతులు కడుక్కున్నావా శెట్టీ?"

"కడుక్కున్నా మేట్రనమ్మా."

"ఏంది చదవతా ఉండావు?"

"ఎకనామిక్సు."

ఆమె గొడుగు నేలకి ఆనించి చెవి ఇటు తిప్పింది. "ఎకనామిక్సు అట్లా చదవరు నాయనా. ఆకు తిప్పి, మళ్ళా వెనక్కి తిప్పి, నిట్టూర్చి, కునుకు తీస్తారు. నువ్వు ఊపిరి బిగబట్టి తిప్పతా ఉండావు. బోర్డింగులో దుప్పట్ల కింద ఈ చప్పుడు ఎంతకాలం విన్నానో నేను. అది కథలపుస్తకం. దాంట్లో ఎవురో ఆపదలో ఉండారు."

నిజంగానే ఉన్నారు. ఒక కుర్రవాడు భూమి అడుగున దోవ తప్పాడు.

లోపలి గదిలోంచి నాయన అందుకున్నాడు. "బయటపడిందా? నువ్వన్నా గడ్డిపెట్టు మేట్రనమ్మా! బి.ఏ. చదివించింది ఇందుకా?"

నాకు చెవుల దాకా వేడెక్కింది. ఇప్పుడు ఈమె కూడా మొదలుపెడుతుందని తలవంచుకుని బెల్లం తూచాను. ఆమె ముందుకు వంగి, నాయనకి వినపడకుండా అడిగింది: "ఎవురు నాయనా ఆపదలో ఉండేది?"

అట్లా మొదలైంది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నేను ఆమె పంచన కూర్చుని చదివేవాణ్ణి, ఆమె చింతగింజలు ఏరుతూ వినేది. ఆమె వినడంలో ఒక పద్ధతి ఉండేది. కథలో ఎవరైనా పెద్ద ఆపదలో పడగానే "ఆగు" అనేది. చేతిలో గింజలు కిందపెట్టి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించేది. ఆ పిల్లల కోసం ప్రార్థన. అది అయ్యిందాకా నేను పేజీ తిప్పకూడదు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "అచ్చయిపోయిన పుస్తకం మేట్రనమ్మా. మీరెంత ప్రార్థన చేసినా ఇంక మారదు."

"ముందుకి నువ్వు చదివినావా?"

"లేదు."

"మరి మారలేదని నీకెట్లా తెలుసు?"

కాలేజీలో తర్కశాస్త్రం నాకు ఒక పేపరు. ఆ చదువంతా ఆ పూట నాకు పనికిరాలేదు.

ఆమె తీర్పులన్నీ బోర్డింగు తీర్పులే. లోకాన్ని నాశనం చేస్తానని కేకలుపెట్టే మాంత్రికుణ్ణి గురించి చదివితే, "వీడు చిన్నప్పుడు పక్క తడిపి ఉంటాడు. ఇట్లా అరిచే పిల్లోళ్ళంతా అంతే. ఎవురూ తిట్టకుండా దుప్పటి మార్చి ఉంటే ఇంత దూరం రాడు" అనేది. తమ్ముణ్ణి వెతకడానికి మబ్బుల మీదికి బయల్దేరిన పిల్ల మీద ఆమెకి చాలా అభిమానం. "పిల్ల మంచిది. జడ వేసుకోకుండా పోయింది గదా, అదొక్కటే."

పుస్తకం అయిపోగానే చెయ్యి చాపేది. ఇస్తే, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంచులు తడిమి, తిరిగి ఇచ్చేసేది. "బాగుండాది" అనేది. కొంచెం ఆగి, "ఇది కాదు" అనేది.

ప్రతి పుస్తకానికీ ఆ మాటే. బాగుండాది, ఇది కాదు. నేను దాన్ని ఆమె విమర్శనా పద్ధతి అనుకున్నాను. పత్రికల్లో విమర్శకులు చెప్పేదీ అదే, కాకపోతే రెండు కాలమ్‌లు తీసుకుంటారు.

ఇట్లా ఉండగా ఒకరోజు మేట్రనమ్మ వాళ్ళ పాస్టరుగారు మా అంగడికి వచ్చాడు. కుంకుడుకాయలు అడిగి, అవి కట్టించుకున్నాక కూడా కదల్లేదు.

"శెట్టిగారూ, తప్పుగా అనుకోబాకండి. మా మేట్రనమ్మ కొన్ని నెలలుగా బల్ల తీసుకోవడం లా."

బల్ల అంటే ఏమిటో నాకు అప్పుడు ఆయనే చెప్పాడు. నెల మొదటి ఆదివారం వాళ్ళ సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. అది తీసుకోబోయే ముందు ఎవరికి వాళ్ళు మనసులో చూసుకోవాలి. తనవల్ల ఎవరికైనా అన్యాయం జరిగి ఉంటే ముందు పోయి ఆ మనిషితో సమాధానపడి, తరువాత చెయ్యి చాపాలి. అంతదాకా పళ్ళెం పక్కవాళ్ళకి అందించాలి. పాపం చేసినవాళ్ళే కదా అట్లా వదిలేసేది అని సంఘంలో గుసగుసలు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఒక్క నెలా వదలని మనిషి పళ్ళెం పక్కకి జరుపుతోందంటే ఊరుకుంటారా?

"మీరేదో చదివి వినిపిస్తా ఉండారంట. భగవద్గీతా?" అన్నాడు పాస్టరు, ఆ మాట మెల్లగా దించుతూ.

అవునని ఉంటే నా గౌరవమన్నా మిగిలేది. "కాదండీ. గాలిఓడ ఎక్కి చంద్రమండలానికి పోయిన పిల్లల కథ" అన్నాను.

ఆయన నావైపు చాలాసేపు చూశాడు. "మీరు బి.ఏ. గదా?"

"అవునండీ."

"పాసయినారా?"

ఆ మధ్యాహ్నం పుస్తకం తెరవకుండా ఆమెను అడిగాను. నా వల్ల మీకు మాట వస్తోందా అని. ఆమె చింతగింజలు ఏరడం ఆపలేదు.

"నా బోర్డింగులో కథలపుస్తకం దొరికితే పొయ్యిలోకే. ఆ రూలు దొరసాని పెట్టింది గాదు, నేను పెట్టింది. సంగటి కుండ కింద ఎన్ని వేసినానో. ఒక్కనాడూ నిద్ర చెడలా. ఒక పిల్ల ఉన్నింది. మర్రిపాడు పక్క పల్లె. అమ్మా నాయనా లేరు. ఎవురో ఇచ్చిన పుస్తకం ఒకటి తెచ్చుకునింది. సగం చదివినాక లాక్కున్నా. ఏడవలా, కాళ్ళు పట్టుకోలా. 'అమ్మగారూ, చివర్న ఏమైందో చూసి నాకు చెప్పి, వెయ్యండి' అనింది. అంతే అడిగింది. నేను చూడలా. వేసినా."

ఆ పుస్తకంలో కథేమిటో కూడా ఆ పిల్ల ఆ నాడే గబగబా చెప్పిందట, వినైనా జాలిపడుతుందని. పొద్దు గుంకని దేశం ఒకటి. అక్కడ ఎవరికీ నిద్ర అంటే తెలీదు. ఒక పిల్ల ఆ దేశానికి కుండలో చీకటి నింపి నెత్తిన పెట్టుకుని మోసుకుపోతుంది. సగం దోవలో కుండ నెర్రె ఇచ్చింది. అక్కడికి పుస్తకం పొయ్యిలో పడింది.

"నీ దగ్గిర మొదటి పుస్తకం విన్ననాడు తెలిసింది నాయనా, నేను కాల్చింది ఏందో. అప్పటిదాకా కాగితాలే అనుకున్నా" అంది. తరువాత, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు, "సిగ్గుగా ఉండాది" అంది.

పొరలు కమ్మిన ఆ కళ్ళని నేను అంతకుముందు సరిగా చూసి ఎరగను. ఆ రోజు చూడబోయి, చూడలేక, చింతగింజల్ని చూశాను.

మద్రాసులో, నెల్లూరులో పుస్తకాల అంగళ్ళకి రాశాను. పేరు తెలియదు, రాసినాయన తెలియదు, కుండలో చీకటి ఉంటుంది, దయచేసి పంపవలెను. ఒకాయన ఓపిగ్గా వంటల పుస్తకం పంపాడు.

"పుస్తకం లేకపోతే పోయింది. మనిషి ఉండాది గదా" అంది మేట్రనమ్మ. "ఇప్పుడు ఆ బోర్డింగుకి ఆ పిల్లే మేట్రను. పోయి క్షమించమని అడుగుతా. అడిగి వచ్చి బల్ల తీసుకుంటా. నా కళ్ళు పూర్తిగా మూతపడక ముందే ఆ పని అయిపోవాల."

వస్తున్నామని నా చేత ఉత్తరం రాయించి, నన్ను తోడు రమ్మంది. బొగ్గుతో నడిచే బస్సు అది. ఎక్కగానే కండక్టరుని అడిగింది చేతులు కడుక్కున్నావా అని. అంతదాకా బొయిలరులో బొగ్గులు ఎగదోస్తూ ఉన్న మనిషి, తన రెండు చేతులూ తిప్పి చూసుకుని, నన్ను చూసి, టిక్కెట్టు చించి కమ్మీ మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు.

ఆత్మకూరు బోర్డింగు గేటు దగ్గర మమ్మల్ని చూసి ఒకామె పరుగున వచ్చింది. తెల్లచీర, మోచేతులు దాటిన రవిక, చేతిలో నల్లగొడుగు. నలభై ఏళ్ళు ఉంటాయేమో. నాకు ఒక్క క్షణం పక్కనున్న మనిషికి పొరలు తీసి, వయసు తగ్గించి ఎదురుగా నిలబెట్టినట్టు అనిపించింది. పెద్దామె పాదాలకి వంగి దండం పెట్టి, లేచి, నావైపు తిరిగింది.

"చేతులు కడుక్కున్నారా?" అంది.

నేను పోయి కడుక్కున్నాను.

"నీతో ఒంటిగా మాట్లాడాలమ్మా" అంది పెద్దామె.

"ముందు పిల్లలు, అమ్మగారూ! ఏండ్ల తరబడి మీ గురించి వింటా ఉండారు. వరసలో నిలబెట్టినా."

వంటింటి ముందర పిల్లలంతా వరసలో నిలబడి ఉన్నారు. లోపల పొయ్యి మీద సంగటి కుండ ఉడుకుతోంది. చిన్న మేట్రను వాళ్ళ ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. ఏటా కొత్త పిల్లలు చేరగానే చెప్పే సాక్ష్యమట అది. పెద్దపిల్లలు పెదాలు కదుపుతూ ఆమెతో పాటు చెప్పుకుంటున్నారు. తాను దిక్కులేని పిల్ల. పనికిరాని పుస్తకం మీద మనసు పెట్టుకుంది. ఈ అమ్మగారు దాన్ని ఈ పొయ్యిలోనే వేశారు. ఆ పుస్తకంతో పాటు తన పాత మనసు కూడా కాలిపోయింది. ఆ వేలు పట్టుకునే ఇంత మనిషి అయ్యింది.

"నేను గూడా మీరు నేర్పిందే చేస్తా ఉండా అమ్మగారూ. ఒక్కటీ వదల్లా" అంది, ముఖమంతా వెలుగుతో. చీర కొంగు కింది నుంచి ఒక పుస్తకం తీసింది. "నిన్ననే ఒకటి పట్టినా. మీరు వస్తా ఉండారని ఉంచినా. ఈ పొద్దు మీ చేత్తో వెయ్యాల."

పుస్తకం పెద్దామె చేతిలో పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వరస చివర ఒక పిల్ల మాత్రం కొట్టలేదు. పుస్తకం ఎవరిదో ఇంక అడగనక్కరలేదు.

నేను చాలా సభల్లో ఇబ్బందికరమైన సన్మానాలు చూశాను. ఇట్లాంటిది చూడలేదు. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి చేతికి అదే పనిని పూలదండలాగా ఇచ్చారు. కాదంటే, ఇంతమంది పిల్లల ముందు చిన్న మేట్రను జన్మంతా తప్పయిపోతుంది. అవునంటే ఇంకొక పుస్తకం.

మేట్రనమ్మ పుస్తకం అంచులు తడిమింది. ఎక్కడో ఆకు మడిచిన గుర్తు వేలికి తగిలింది కాబోలు, అక్కడ ఆగింది.

"ఎవురిది?"

"నాది అమ్మగారూ" అంది వరస చివరి పిల్ల.

"ఎందాకా చదివినావు?"

"సగం."

మేట్రనమ్మ గొడుగుతో నేలమీద గట్టిగా కొట్టింది. ఆ చప్పుడుకి వరస నిటారుగా అయ్యింది. చిన్న మేట్రను కూడా. "సగం చదివినావా? అయితే సగం శిక్ష పడితే చాలదు. ఇట్లాంటి పుస్తకం చివరిదాకా వింటే గానీ బుద్ధి రాదు. అందరూ కూచోండి! ఎవురూ లేచేది లేదు. శెట్టీ, మడిచిన కాడినుంచి చదువు. ఒక్క అక్షరం వదలబాక. వీళ్ళకి నొప్పి తెలియాల."

నా చదువు శిక్షగా ప్రకటించబడటం అదే మొదలు. తరువాత నా పెళ్ళయ్యాక అలవాటైంది.

ఆడపిల్లల బోర్డింగు వంటింటి గడపమీద కూర్చుని, మీసం ఉన్న మనిషిని, గాజుకొండలో చిక్కుకున్న రాజకుమారుడి కథ పైకి చదివాను. అంత మంచి పుస్తకం కూడా కాదు. ఒక పేజీలో ఎడమకాలు విరిగిన రాజకుమారుడు తరువాతి పేజీలో కుడికాలు కుంటుతాడు. అయినా వరసలో ఒక్క తల పక్కకి తిరగలేదు. కొండ కూలుతున్న చోట వంటమనిషి సంగటి కెలకడం మరిచిపోయింది. కాస్త మాడింది. శిక్షకి ఆ వాసన కూడా సరిపోయింది.

చదువుతూ ఒకసారి తలెత్తితే చిన్న మేట్రను కనపడింది. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్న మనిషి ఎప్పుడో కింద కూర్చుంది. గొడుగు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఊపిరి బిగబట్టి వింటోంది.

కథ అయిపోయింది. రాజకుమారుడు బయటపడ్డాడు. పుస్తకం మేట్రనమ్మకి ఇస్తే ఆమె తీసుకోలేదు. "దానికివ్వు" అంది.

చిన్న మేట్రను పుస్తకం పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. పిల్లలు చూస్తున్నారు. వాళ్ళకి ఆమె ఒక మాట చెప్పి ఉంది. ఏటా చెప్పి ఉంది. వంగి పొయ్యిలో వేసింది. చివరి పిల్ల ఏడవలేదు. ఆ పిల్ల ముఖంలో ఆ రోజు నేను చూసింది నష్టం కాదు. రాజకుమారుడు బయటపడ్డాడు కదా, ఇంక కాగితాలు కాలితే కాలనీ అన్నట్టుంది. ఏడుపు ముఖం చిన్న మేట్రనుది.

సాగనంపడానికి ఆమె గేటు దాకా వచ్చింది. నేను ముందు నడిచిపోదామని చూశాను. పెద్దామె చెయ్యి నా భుజం మీద ఉంది. వదల్లేదు. కాబట్టి వినకూడని మాటలు పక్కనే నిలబడి వినవలసి వచ్చింది.

"అమ్మగారూ, మీరు వచ్చింది ఇందుకేనా?"

"నిన్ను క్షమించమని అడగడానికి వచ్చినా తల్లీ. ఆ నాడు నువ్వు అడిగింది ఒక్కటే. అది గూడా చూసి చెప్పలా. తప్పు చేసినా."

చిన్న మేట్రను గొంతు పైకి లేవలేదు. "నాకు ఎవురూ లేరు అమ్మగారూ. ఆ పుస్తకం ఉన్నింది. అదీ పోయినాక, ఎందుకు పోయిందో నాకు నేను చెప్పుకోవాల గదా. నా మంచికే అని చెప్పుకున్నా. రోజూ చెప్పుకున్నా. అదే సాక్ష్యమైంది. ఆ సాక్ష్యం మీదనే బతకతా ఉండా. ఇప్పుడు మీరొచ్చి తప్పంటా ఉండారు."

"తప్పే."

"నేను క్షమిస్తే మీది తప్పని ఒప్పుకున్నట్టు. అప్పుడు నేను ఇన్నాళ్ళూ ఈ పిల్లోళ్ళవి కాల్చినవి ఏం గావాల? నేను ఎవురి కాడికి పోయి అడగాల? క్షమించకపోతే మీరు బల్లకి పోరు. మీ సంగతి నాకు తెలుసు. ఏం చేసేది? మీరే చెప్పండి. నాకన్నీ మీరే గదా చెప్పింది."

నా భుజం మీది చెయ్యి బిగుసుకుంది. నాకు నోటిదాకా ఏదో చమత్కారం వచ్చింది. ఇట్లాంటప్పుడు నాకు అదే వస్తుంది, ఇంకేమీ రాదు. మింగేశాను. గేటు గడియని ఎంత శ్రద్ధగా చూశానంటే ఇప్పుడు దాని బొమ్మ గీయగలను.

"క్షమించబాక" అంది మేట్రనమ్మ చివరికి. "నీ సాక్ష్యం నువ్వు చెప్పుకోమ్మా. నేను ముసల్దాన్ని. బల్ల లేకపోయినా నా దినాలు గడుస్తాయి. నీకు ఈ పిల్లోళ్ళు ఉండారు. వాళ్ళ ముందర నిలబడాల నువ్వు."

అక్కడికి పోయింది మనసులో బరువు దించుకోవడానికి. దించుకోబోతే అది ఇంకొకరి నెత్తిన పడుతోందని తెలిసి, మళ్ళీ తనే ఎత్తుకుంది. బస్సు మర్రిపాడు దాటాక అంది:

"ఆ గాజుకొండ కథ బాగలేదు నాయనా."

"బాగలేదు మేట్రనమ్మా."

"అయినా పిల్లోళ్ళు బాగా విన్నారు."

ఆ తరువాత కూడా నేను ఆమెకి చదివాను. ఆపదలు వచ్చాయి, ఆమె ఆపమంది, ప్రార్థన చేసింది. పుస్తకం అయిపోయాక "బాగుండాది" అనేది. అక్కడితో ఆపేసేది. నెల మొదటి ఆదివారం పళ్ళెం వస్తే పక్కామెకి అందించేదట. సంఘంలో కొందరు పళ్ళెం కనపడక అన్నారు. కొందరు శెట్టిగారి పిల్లవాడు చెడగొట్టాడన్నారు. నాయన కూడా ఆ రెండోవాళ్ళతోనే ఏకీభవించాడు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆ సిగ్గు నాది కాదు.

ఆమె పోయినప్పుడు ఆత్మకూరు నుంచి చిన్న మేట్రను వచ్చింది, సంఘం వాళ్ళనీ పెద్దపిల్లల్నీ కొందర్ని వెంటబెట్టుకుని. సమాధి దగ్గర పాస్టరు ఆమెను సాక్ష్యం చెప్పమన్నాడు. అందరికీ తెలిసిన సాక్ష్యమే. ఆత్మకూరు పిల్లలు అలవాటుగా పెదాలు సిద్ధం చేసుకున్నారు.

చిన్న మేట్రను శవపెట్టె వైపు చూస్తూ నిలబడింది.

"చిన్నప్పుడు ఈ అమ్మగారు నా దగ్గిర ఒక పుస్తకం తీసుకున్నారు" అంది. పిల్లల పెదాలు కూడా అంతవరకు కదిలాయి. తరువాత రావలసింది పొయ్యి. రాలేదు.

"మళ్ళా తెచ్చి ఇచ్చినారు" అంది. "కొంచెం ఆలస్యమైంది. ఆత్మకూరు దాకా వచ్చి నా చేతికే ఇచ్చినారు. మా ఇద్దరి మధ్య ఇంక తీరని బాకీ ఏమీ లేదు." అదే మాట ఇంకొంచెం గట్టిగా, సంఘం అంతా వినేటట్టు చెప్పింది. "ఏమీ లేదు."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా విన్నదాంట్లో ఆ మాట లేదు. పాస్టరు నా పక్కకి వచ్చి మెల్లగా అడిగాడు: "ఏ పుస్తకం శెట్టిగారూ?"

ఆ మాట వినవలసిన మనిషి ఒక్కతే ఉంది అక్కడ, పెట్టెలో. ఆమెకి వినపడలేదు. మిగతా అందరం విన్నాం. ఎవరికో రాసి ఇచ్చిన సొత్తు దారితప్పి నా చేతిలో పడ్డట్టు సిగ్గేసింది. నేను తల ఎత్తకుండా, పిడికెడు మట్టి వేసి పక్కకి తప్పుకున్నాను.